ఎత్తనివ్వని తోడు

బార్బెల్ నడుము దాటి ఛాతీ మట్టానికి వచ్చిన క్షణంలో నూకరత్నం కుడి చెయ్యి పట్టు వదిలేసింది. ఇనుప చక్రాలు రబ్బరు పరుపు మీద దభీమని పడి, ఒకసారి ఎగిరి, పక్కకి దొర్లి గోడకి కొట్టుకుని ఆగాయి.

నూకరత్నం రెండడుగులు వెనక్కి వేసి తన చేతిని తానే చూసుకుంది. నొప్పి లేదు. చెమటకి జారనూ లేదు. ఇంట్లో పెద్దవాళ్ళెవరో వెనకనుంచి వచ్చి "వద్దులే తల్లీ" అని మెత్తగా వేళ్ళు విడిపించినట్టుంది.

గాజు గదిలో కంప్యూటర్ ముందున్న డాక్టర్ హైమవతి లేచి చప్పట్లు కొట్టింది.

"ఆపింది! చూశారా మాస్టారూ? కండరం చిట్లబోయే ముందు సరిగ్గా ఆపింది!"

మాస్టారంటే సన్యాసి మాస్టారు. విజయనగరం చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లల్ని చేరదీసి, పెందుర్తి దగ్గర ఒక పాత రేకుల గోడౌన్లో వెయిట్‌లిఫ్టింగ్ నేర్పే మనిషి. నూకరత్నం అతని శిష్యురాలు. పోటీల్లో ఆమె బరువు తరగతిలో ఆమెకన్నా ఎక్కువ ఎత్తిన ఆడమనిషి రాష్ట్రంలో లేదు. ఆ బలమే ఆమె కొంప ముంచింది. పోయిన ఏడాది పోటీల్లో కుడి భుజంలో కండరం సగానికి చిట్లింది. విశాఖపట్నంలో చూపించిన డాక్టర్లందరూ ఇంక బరువులు మరిచిపొమ్మన్నాక, మధురవాడ కొండ మీద ఈ ప్రయోగశాలలో హైమవతి అనే ఆవిడ కొత్త టేపేదో తయారు చేస్తోందని విని, మాస్టారు పిల్లని వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఆపడం బాగానే ఉంది మేడమ్ గారూ," అన్నాడు మాస్టారు, దొర్లిపోయిన బార్బెల్ వైపు చూస్తూ. "ఎత్తడం సంగతేటి?"

"ఎత్తుతుంది. తొందరపడకండి."

ఆటగాళ్ళ మోకాళ్ళ మీద, భుజాల మీద రంగురంగుల పట్టీలు అంటించి ఉండడం మనం చూస్తూనే ఉంటాం. అది సాగే నూలుగుడ్డ. ఒక పక్క గమ్ ఉంటుంది. కొంచెం సాగదీసి చర్మానికి అంటిస్తే, తిరిగి ముడుచుకోవాలని చూస్తూ చర్మాన్ని వెంట్రుకవాసి పైకి లాగుతుంది. కింద ఆ కాస్త చోటు దొరికితే వాపు నీరు కదులుతుందని, చర్మంలోని నరాలు ఆ లాగుడుని గమనిస్తూ నొప్పిని కొంచెం మరుస్తాయని చెబుతారు. కండరానికి అది బలమివ్వదు. "నేనున్నాను, జాగ్రత్త" అని గుర్తు చేస్తుంది, అంతే.

హైమవతి టేపు అక్కడితో ఆగలేదు. ఆమె ఆ గుడ్డలో దారాలతో పాటు కంటికి కనిపించనంత సన్నటి సెన్సర్లు నేయించింది. కండరం ఎంత సాగుతోందో, ఎక్కడ వణుకుతోందో అవి ఎడతెరిపి లేకుండా కొలుస్తాయి. కావలసిన చోట బిగుసుకుని ఊతమిస్తాయి. అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇంకొకటి చేస్తాయి. కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే టెండన్‌లో మనకి పుట్టుకతోనే ఒక బ్రేకు ఉంది. బరువు మరీ మించిపోతే ఆ బ్రేకు పడి కండరం వదిలేస్తుంది. ఆ బ్రేకు ఒక్కోసారి ఆలస్యంగా పడుతుంది, అప్పటికే గాయం అయిపోతుంది. హైమవతి టేపు చిన్న కరెంటు సిగ్నల్‌తో ఆ బ్రేకుని ముందే వేయిస్తుంది.

దానికి ఆమె పెట్టిన పేరు "తోడు." రంగు నేరేడుపండు రంగు.

"మీ అమ్మాయి కండరానికి రేపు ఎంత బలం వస్తే తోడు రేపు అంత ఎత్తనిస్తుంది," అని ఆమె మాస్టారికి సర్దిచెప్పింది. "ఇవాళ ఉన్నదానికంటే ఎక్కువ అడిగితే మాత్రం ఒప్పుకోదు."

"ఎంతవరకో అది సెప్తాదా?" అని అడిగింది నూకరత్నం.

"నీ కండరమే చెబుతుంది రత్నం. టేపు వింటుంది."

నూకరత్నానికి ఆ మాట నచ్చలేదు. తన కండరం చెప్పేది ఇన్నాళ్ళూ తనే వినేది.

జాతీయ జట్టు ఎంపికలు దగ్గరపడుతున్నాయి. తోడు ఆమెని పాత బరువుకి బాగా కిందే ఆపేస్తోంది. ఒక సాయంత్రం గోడౌన్లో వరసగా మూడుసార్లు చెయ్యి వదిలేసేసరికి ఆమెకి ఒళ్ళు మండిపోయింది. భుజం మీది పట్టీని గోళ్ళతో లేపి ఒక్క లాగు లాగి విసిరేసింది. "ఒసే, ఆగు!" అని మాస్టారు పరిగెత్తుకొచ్చేలోపే బార్బెల్ తల మీదికి లేచింది. ఆమె ముఖంలో వెలుగు కనిపించింది. ఆ వెంటనే భుజంలో ఏదో పుటుక్కుమంది.

మర్నాడు హైమవతి స్కాన్ తీసి చూసింది. మానిన చోటే మళ్ళీ చిట్లింది.

"ఎందుకు తీశావు?"

"కోపం వచ్చిందండి."

"అదే మరి," అంది హైమవతి, తనలో తాను అనుకుంటున్నట్టు. "కోపంలోనే తీస్తారు. గాయాలయ్యేదీ అప్పుడే."

ఆ నెలంతా హైమవతి గమ్ పనిలోనే మునిగిపోయింది. కొత్త గమ్ చెమటకి ఊడదు, నీళ్ళకి ఊడదు, కొబ్బరినూనె రాసినా కిరసనాయిలు రాసినా ఊడదు. వేయించుకున్న మనిషి తనంతట తాను తీసుకోలేడు. ప్రయోగశాలకి వెళితే అక్కడ ఒక మందు చల్లి తీస్తారు. కత్తిరించినా లాభం లేదు. ఎన్ని ముక్కలు చేసినా ప్రతి ముక్కా విడిగా పనిచేస్తుంది. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె గొంతులో కొంచెం గర్వం ఉండేది.

నూకరత్నం మళ్ళీ తోడు వేయించుకుంది. ఈసారి భుజాలకే కాదు, నడుముకి, తొడలకి కూడా. పీకే దారి లేదు కాబట్టి పీకలేదు. ఏడాది తిరిగేసరికి భుజం మానింది. పాత బరువు ఎత్తింది, దాన్ని దాటి కూడా ఎత్తింది. పత్రికల్లో ఆమె ఫోటో వచ్చింది. ఆ ఫోటోలో ముందు కనిపించేది మెడ పక్కన నేరేడు రంగు పట్టీయే.

ఆ తర్వాత తోడు బజారులోకి వచ్చింది. ఒక సంస్థ కొనుక్కుని ఊరంతా కేంద్రాలు తెరిచింది. మొదట ఆటగాళ్ళు, తర్వాత పోర్టు కూలీలు, ఆటోవాళ్ళు, రోజంతా మిషను తొక్కే టైలర్లు, నడుంనొప్పి ఆడవాళ్ళు. పూర్ణా మార్కెట్లో బస్తాలు మోసేవాళ్ళలో పట్టీ లేని వీపు కనిపించడం మానేసింది. బస్తా బరువెక్కువైతే అది మోసేవాడి వీపు మీంచి మెత్తగా జారి నేల మీద కూర్చునేది. "తోడుకి ఇష్టం లేదంట" అని పక్కవాళ్ళు నవ్వేవారు. ఆ మాట ఊళ్ళో వాడుకైపోయింది. పిల్లవాడు బిందె తేనంటే తల్లి అదే మాట అనేది. ఆఫీసులో ఎవరైనా పని తప్పించుకుంటే అదే మాట.

ఆసుపత్రుల్లో ఎముకల వార్డులు ఖాళీ అయ్యాయి. హైమవతికి సన్మానాలు జరిగాయి.

ఒక ఉదయం ఆమె కూరగాయలకని మార్కెట్‌కి వెళ్ళింది. వాన కురిసి వెలిసింది. మురుగుకాలవ మీద పలక విరిగి ఒక ముసలావిడ నడుముదాకా దిగబడిపోయింది. దిట్టంగా ఉన్న ఇద్దరు కూలీలు పరిగెత్తుకొచ్చి చెరో చెయ్యీ పట్టుకుని లాగారు. ఆవిడ సగం పైకి వచ్చాక ఇద్దరి చేతులూ వదిలేశాయి. వాళ్ళు మళ్ళీ పట్టుకున్నారు, మళ్ళీ వదిలేశారు. చివరికి గాజులమ్ముకునే ఒక బక్కపలచటి మనిషి బుట్ట కింద పెట్టి, బోర్లా పడుకుని, పళ్ళు బిగించి ఆవిడని లాగి ఒడ్డున పడేశాడు. అతని వీపు మీద పట్టీ లేదు. లేచాక నడుం పట్టుకుని మూలుగుతూ చాలాసేపు నిలబడ్డాడు.

"అందుకేనయ్యా తోడు ఏయించుకోమనేది," అన్నారు కూలీలు అతన్ని చూసి జాలిగా.

హైమవతి కూరగాయలు కొనకుండానే వచ్చేసింది. ప్రాణం మీదికి వస్తే బ్రేకు వదిలే ఏర్పాటు ఏదో ఒకటి ఉండాలని ఆ వారమే సంస్థవాళ్ళతో చెప్పింది. తప్పకుండా, కానీ ఏది ప్రాణం మీదికి వచ్చిన సమయమో, ఏది ఉత్త ఆవేశమో టేపుకి ఎలా తెలుస్తుంది మేడమ్, అని వాళ్ళు అడిగారు. వచ్చే మోడల్లో చూద్దామని అందరూ అనుకున్నారు.

వచ్చే మోడల్ రాకముందే తుపాను వచ్చింది.

శ్రీకాకుళం దాటి ఎక్కడో తీరం తాకుతుందన్న తుపాను అది. ఆ ఉదయం హైమవతి నూకరత్నం భుజం చూడడానికి పెందుర్తి గోడౌన్‌కి వెళ్ళింది. పదిగంటలకల్లా గాలి తిరిగింది. చెట్లు విరిగి రోడ్డుకి అడ్డం పడ్డాయి, ఫోన్లు మూగబోయాయి. మాస్టారు, నూకరత్నం, ఇంకో ఇద్దరు లిఫ్టర్ అమ్మాయిలు, హైమవతి లోపలే చిక్కుకుపోయారు. మిట్టమధ్యాహ్నానికి ఆకాశం మసిబారిన పెనంలా ఉంది. పైకప్పు రేకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే ఆ చప్పుడికి మనిషి మాట మనిషికి వినపడడం లేదు. వెనక పారే గెడ్డ వాగు పొంగి తలుపు కిందనుంచి ఎర్రటి నీళ్ళు లోపలికి వచ్చాయి.

తలుపుకి అడ్డంగా బెంచీ లాగుదామని మాస్టారు వెళ్ళాడు. అప్పుడే కప్పుని మోస్తున్న ఇనుప గర్డర్ ఒక పక్క ఊడి కిందికి దిగింది. అతను తప్పించుకోబోయి వెల్లకిలా పడ్డాడు. గర్డర్ అతని రెండు తొడల మొదట్లో పడి, నడుం లేపడానికి లేకుండా నొక్కేసింది.

"పట్టండే!" అని అరిచింది నూకరత్నం.

ముగ్గురమ్మాయిలూ వంగి పట్టుకున్నారు. బరువులెత్తడమే బతుకైన వాళ్ళు ముగ్గురు. గర్డర్ కదిలింది. బెత్తెడు లేచింది. హైమవతి మాస్టారి చంకల కింద చేతులు వేసి లాగబోయింది. అంతలో ఒకమ్మాయి చేతులు వదిలేశాయి, వెంటనే రెండో అమ్మాయివి, ఆ వెంటనే నూకరత్నానివి. గర్డర్ మళ్ళీ ఆ కాళ్ళ మీదే పడింది.

మాస్టారు పెట్టిన కేక గాలి హోరులో కూడా వినపడింది.

మళ్ళీ ఎత్తారు. బెత్తెడు లేచాక మళ్ళీ వదిలేశారు. మూడోసారి వంగబోతే మాస్టారే చెయ్యెత్తి ఆపాడు.

"వద్దమ్మా. ఎత్తకండి. ఎత్తి పడేస్తే... నా వల్ల కాదు."

నీళ్ళు అతని చెవుల దాకా వచ్చాయి.

గాభరాలో ఉన్న మనిషి మామూలుగా ఎత్తలేని బరువులు ఎత్తడం మనం విన్నదే. అలాంటి క్షణంలో మెదడు ఆ పుట్టుబ్రేకుని పక్కకి నెట్టేస్తుంది. కండరం చిట్లినా సరే, ఎముక విరిగినా సరే అంటుంది. ఆ మాట తోడుకి వినపడదు. దానికి వినపడేది కండరమే.

హైమవతి ఒంటి మీద తోడు లేదు. ఆమెకి ఎప్పుడూ ఏ గాయమూ కాలేదు. ఆమె అమ్మాయిల్ని తప్పించి తానే గర్డర్ కింద చేతులు పెట్టింది. ప్రాణమంతా కూడగట్టి లేపింది. ఆమెని ఆపేవాళ్ళు లేరు. గర్డర్ మాత్రం కదలలేదు. యాభై దాటిన ఆ సన్నటి చేతుల్లో అంత సత్తువ లేదు.

ఆమె వెనక్కి తిరిగేసరికి నూకరత్నం జాకెట్టు భుజం దాకా చింపుకుని నిలబడి ఉంది.

"తియ్యండి."

"మందు లేకుండా రాదు రత్నం."

"వస్తాది. తోలుతో వస్తాది. తియ్యండి."

"భుజం మళ్ళీ..."

"మేడమ్, మాస్టారు మునిగిపోతన్నారు!"

హైమవతి గోళ్ళతో గీకింది. పట్టీ అంచు లేవలేదు. బరువుల అరలో దొరికిన బ్లేడుతో పట్టీ పక్కన చర్మానికే గాటు పెట్టి, ఆ చర్మం పట్టుకుని లాగింది. నూకరత్నం మొదట పళ్ళు బిగపట్టింది, తర్వాత అరిచింది, తర్వాత ఆగవద్దని అరిచింది. కుడి భుజం, ఎడమ భుజం, నడుము. నేరేడు రంగు ముక్కలు నీళ్ళలో తేలుతూ, ఇంకా కొంచెం కొంచెం ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉన్నాయి. తొడల మీదివి తియ్యడానికి వ్యవధి లేదు. మాస్టారి ముక్కు ఒక్కటే పైకి కనిపిస్తోంది.

నూకరత్నం కాళ్ళు వంచలేదు. వంచితే తొడలు వదిలేస్తాయని ఆమెకి తెలుసు. ఏ కోచ్ చూసినా తిట్టే పద్ధతిలో, వట్టి నడుముతో, భుజాలతో గర్డర్ పట్టుకుని లేపింది. అది బెత్తెడు దాటింది. మూర దాటింది. ఆమె కుడి భుజంలోంచి తడిగుడ్డ చింపినట్టు చప్పుడు వచ్చింది. అది హైమవతికి వినపడింది. అయినా నూకరత్నం వదల్లేదు. ఇద్దరమ్మాయిలూ మాస్టారిని చెరో పక్కా పట్టుకుని ఈడ్చారు. నీళ్ళలో మనిషి తేలిక కాబట్టి తోడు అభ్యంతరం చెప్పలేదు.

మాస్టారు బతికాడు. కాళ్ళు రెండూ తీసేశారు. నూకరత్నం కుడి చెయ్యి ఇక భుజం ఎత్తు దాటి లేవదని తేల్చారు.

ఆ రోజు నగరంలో ఎన్ని గోడలు కూలాయో, వాటి కింద ఎంతమంది ఉన్నారో, వాళ్ళ చుట్టూ ఎంతమంది చేతులు జారవేసుకుని నిలబడ్డారో వారం రోజులపాటు మెల్లమెల్లగా తెలిసివచ్చింది. విచారణ సంఘం ముందు హైమవతి తానే వెళ్ళి నిలబడింది. గోడౌన్లో చూసినదంతా చెప్పింది. తోడు అమ్మకం ఆపెయ్యమంది.

సంఘం అధ్యక్షుడు నెమ్మదస్తుడు. ఆమె చెప్పిందంతా ఓపికగా విన్నాడు.

"డాక్టర్ గారూ, మీ బాధ నాకర్థమైంది. కానీ ఆసుపత్రుల లెక్కలు తెప్పించాం. అంత తుపానులో తోడు వేసుకున్నవాళ్ళలో ఒక్కరికీ కండరం చిట్లలేదు. చిట్లిన అమ్మాయి ఒక్కర్తే. ఆవిడ తీసేసిన మనిషి."

"అది నేనే తీశానండి."

"అదే అంటున్నాను," అన్నాడాయన, నొప్పించకుండా.

హైమవతి అక్కణ్ణించి ఆసుపత్రికి వెళ్ళింది. నూకరత్నం మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఆ పెద్ద కండరాల గాయాల వార్డులో మిగతా మంచాలన్నీ ఖాళీ.

"నొప్పి ఉందా?"

"ఉందండి. తెల్లార్లూ ఉంటాది."

నొప్పి తగ్గే మందు కోసం హైమవతి నర్సుని పిలవబోయింది. నూకరత్నం తల అడ్డంగా ఊపింది.

"అది వద్దండి నాకు. ఇది నాదేనని తెలుస్తంది కదా, ఉండనివ్వండి."

మర్నాడు హైమవతి మద్దిలపాలెంలోని తోడు కేంద్రానికి వెళ్ళింది. అందరికీ పట్టీలు తీసెయ్యడానికి తానే కూర్చుంటానని సంస్థకి ముందే చెప్పింది. వాళ్ళు కాదనలేదు. తీసే మందు డబ్బాలు బల్ల మీద వరసగా పేర్చుకుంది. జనం వస్తారా అన్న ఆమె సందేహం గేటు దగ్గరే తీరిపోయింది. వీధి మలుపు దాకా నిలబడి ఉన్నారు.

మొదట లోపలికి వచ్చినవాడి పేరు కోరాడ లచ్చన్న. కంచరపాలెంలో వెల్డింగ్ పని. గట్టి మనిషి. కుర్చీలో కూర్చోలేదు, తలుపు దగ్గరకి వేసి వచ్చాడు.

"ఎక్కడుంది పట్టీ? చొక్కా తియ్యండి," అంది హైమవతి, డబ్బా చేతిలోకి తీసుకుని.

"తియ్యడానికి కాదండి. ఒకటి ఏయించుకుందారని."

ఆమె డబ్బా కింద పెట్టింది. "నొప్పి ఎక్కడ?"

"నొప్పేటీ లేదండి."

"మరెందుకు?"

లచ్చన్న మూసిన తలుపు వైపు ఒకసారి చూసి దగ్గరికి జరిగాడు.

"మా తమ్ముడండి. తుపానుకి గోడ పడిపోనాది ఆడి మీద. నాను పక్కనే ఉన్నానండి. ఇంకో గోడ కూడా ఊగతంది... నాను పారిపోయొచ్చేశానండి. మా అమ్మ అడుగుతంది, ఎత్తలేకపోనావా అని. తోడు ఎత్తనివ్వలేదమ్మా అని సెప్పేసినాను. నిన్నట్నించి నా ఈపు వేపు సూస్తంది. పట్టీ ఏదిరా అని ఇంకా అడగలేదండి."

హైమవతి డబ్బాని మళ్ళీ వరసలోకి నెట్టింది.

"అప్పుడు మీ ఒంటి మీద తోడు లేదు," అందామె.

"లేదండి. అప్పుడు నా సేతులు నా సేతులేనండి."

అతను చొక్కా విప్పి, ఆమె వైపు వీపు తిప్పి, తల వంచుకుని కుర్చీలో కూర్చున్నాడు. పనిచేసి పనిచేసి బలిసిన ఆ వీపు మీద ఎక్కడా ఒక్క గీటు లేదు. హైమవతి అతని తల మీదుగా కిటికీలోంచి బయటికి చూసింది. గేటు నుంచి వీధి మలుపు దాకా వరసలో జనం ఎండలో ఓపికగా నిలబడి ఉన్నారు. వాళ్ళలో కుంటుతున్నవాళ్ళు లేరు, భుజం పట్టుకున్నవాళ్ళు లేరు, ఎవరి మెడ మీదా నేరేడు రంగు లేదు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోవడం లేదు.